చలికి కాపలా

కెంజెబెక్ ఉద్యోగం పేరు చెబితే నవ్వేవారు. చలికి కాపలా! ఆల్మటీ శివార్లలోని ఆ పరిశోధనశాలలో రెండు జెర్మేనియం స్ఫటికాలు ఎదురెదురుగా ఉండేవి. ఒకే పరమాణువు నుంచి ఒకే క్షణంలో బయల్దేరిన రెండు గామా కిరణాల్లో ఒకటి దీంట్లో, ఒకటి దాంట్లో పడితేనే అది లెక్కలోకి వస్తుంది. ఆ స్ఫటికాలు ఎప్పుడూ ద్రవ నైట్రోజన్ చలిలోనే ఉండాలి. ఒక్కసారి వేడెక్కాయా, ఇక వాటి పని అయిపోయినట్టే. అవి పాతకాలపు సరుకు. చేసిన దేశమే ముక్కలై మాయమయ్యాక కొత్తవి ఎవడిస్తాడు? తోటివాళ్ళు సగంమంది బజార్లో చైనా చెప్పులు అమ్ముకోవడానికి పోయినా, కెంజెబెక్ మాత్రం పండగపూట కూడా వచ్చి నైట్రోజన్ పోసేవాడు.

ఆ చలికాలం వియ్యంకుడు ఒరిన్‌బాయ్ ఖాళీ పీపాతో దిగాడు. ఆయన పశువుల డాక్టరు. ఆబోతు వీర్యం దాచే డబ్బాకి నైట్రోజన్ కావాలి.

"రాళ్ళకి పోస్తారు గానీ ఆవులకి పోయరా, బావగారూ?"

"అవి రాళ్ళు కావండీ బాబూ."

"సరే లెండి. మీ అమ్మాయి అత్తారి ఊళ్ళో ఈ ఏడు దూడల్లేవని చెప్పుకుంటాం."

వియ్యంకుడు నోరు తెరిచి అడిగాక లేదంటే ఆ నేల మీద ఇక తలెత్తుకోగలడా? పాడు మర్యాద! రేపు నైట్రోజన్ లారీ వస్తుందిగా అని నిల్వ ఉన్నదంతా పోసేశాడు.

మర్నాడు మంచు తుఫాను దారి మూసేసింది. లారీ రాలేదు. స్ఫటికాల కింది పాత్రల్లో మిగిలింది రెంటికీ చాలదు. చూసి చూసి, ఎడమ పాత్రలోది తీసి కుడి పాత్రలో పోశాడు. పోస్తూ ఏడ్చాడు.

దారి తెరుచుకున్నాక సౌలే వచ్చింది. ఆ స్ఫటికాల జంట మీదే ఏళ్ళ తరబడి పరిశోధన చేస్తున్న పిల్ల.

"వియ్యంకుడికి పోశానమ్మా," అన్నాడు.

ఆమెకూ ఆ మర్యాదలన్నీ తెలుసు. తిట్టడానికి నోరు రాలేదు.

"ఒక్కటి నాకెందుకు బాబాయ్? జత లేందే లెక్కే లేదుగా."

"తెలుసమ్మా."

"మరి దాన్నెందుకు బతికించావు?"

"చేతులు ఊరుకోలేదు."

సౌలే కూడా బజారుకే పోయింది.

ఆకులు రాలే కాలంలో ఒరిన్‌బాయ్ బిందెడు మీగడతో వచ్చాడు. "దూడలన్నీ బంగారంలా ఉన్నాయి బావగారూ. ఒకదానికి మీ పేరే పెట్టాం." కెంజెబెక్ నవ్వాడు, టీ పోశాడు, వాకిలి దాకా సాగనంపాడు.

తర్వాత లోపలికెళ్ళి కుడి స్ఫటికానికి నైట్రోజన్ పోశాడు. జతలు లెక్కించే మీటరు మీద సున్నా ఉంది. మూత బిగించి, మళ్ళీ ఎప్పుడు పోయాలో గోడ మీద రాసుకున్నాడు.