ఎవడు ముట్టిండు?

కిషన్‌బాగ్‌లో సౌండు సామాను బాగుచేసే ఆ మెకానిక్‌ను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఏది తీసుకెళ్లినా ముందు పలకరింపు ఉండదు, కూర్చోమనడం ఉండదు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "ఎవడు ముట్టిండు?" అనేవాడు. వానలో తడిసిన స్పీకరుకైనా అదే ప్రశ్న. జవాబు చెప్పేదాకా స్క్రూ విప్పేవాడు కాదు.

ఒకరోజు, పెళ్లిళ్లలో మైకులూ పాటలూ కలిపి స్పీకర్లకు పంపే మా పాత డిజిటల్ మిక్సర్ ఆన్ చేస్తే, తెర కంపెనీ గుర్తు దగ్గరే ఆగిపోయింది. సాయంత్రం జల్‌పల్లిలో పెళ్లికి సౌండు పెట్టాలి. మాకున్నది ఆ ఒక్క మిక్సరే. మోసుకెళ్లాను.

"ఎవడు ముట్టిండు?"

"ఎవ్వరు ముట్టలే అన్నా. దానంతటదే ఆగింది."

"దానంతటదే ఏదీ ఆగదు. మీ అసొంటోళ్లు ముడితేనే ఆగుతది."

పెన్‌డ్రైవ్ పెట్టి, లోపలి సాఫ్ట్‌వేర్ మొత్తం మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టాడు. "అయిపోయేదాంక కరెంటు పోవద్దు. పోతే బోర్డు ఖతం. నువ్వు జర బయట నిలబడు" అన్నాడు. ఎండలో నిలబడి, తెర మీద పని ఎంతయిందో చూపే గీత సగం దాటడం చూశాను.

అప్పుడే మసీదులో అజాన్ మొదలైంది. అజాన్ వినబడగానే పాట ఆగేలా మెయిన్ స్విచ్ ఆపేయడం పాతబస్తీలో సౌండు పెట్టే మా అందరి చేతులకూ అలవాటు. అతనూ ఒకప్పుడు పెళ్లిళ్లకు సౌండు పెట్టినవాడే. తలెత్తకుండానే చెయ్యి చాపి షాపు మెయిన్ స్విచ్ ఆపేశాడు.

తెర నల్లబడింది.

కాసేపు దాన్నే చూశాడు. తర్వాత కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఆ చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉండగా, గుమ్మం బయట ఉన్న నన్ను అడిగాడు.

"ఎవడు ముట్టిండు?"