ఉరిమితే వైర్లు పీకే ఇల్లు

సోలార్ పార్కులో ఒక కాంట్రాక్టు కంపెనీ సర్వర్లు చూసుకోవడం నా పని. సర్వర్లు కంచె లోపల, తాళం వేసిన గదిలో ఉంటాయి. నేను మా ఊరు మంగళవాడలో, మా నడవలో, మంచం మీద. ఆ గదికి ఎవరూ పోకుండానే, ఇక్కణ్ణుంచి ఒక కమాండ్ టైప్ చేస్తే, నా ల్యాప్‌టాప్‌లోని ఫైలు అక్కడి సర్వరుకు డిస్క్ పెట్టినట్టే కనిపిస్తుంది. నల్ల తెర, తెల్ల అక్షరాలు, చూడ్డానికి బొమ్మ ఒక్కటీ ఉండదు. పని అయ్యేదాకా కనెక్షన్ తెగకూడదు. తెగితే సగంలో డిస్క్ లాగేసినట్టే.

అంతకు ముందు వారమే ఒకసారి తెగింది. ఇంకోసారి ఇట్లా అయితే ఇంటి నుంచి పని కుదరదు, షిఫ్టుకు వచ్చి ఆ మిషన్ పక్కనే కూర్చోమన్నాడు మేనేజరు. నాయనకు పక్షవాతంతో కుడి చెయ్యి పడిపోయింది. అన్నం కలిపి పెట్టాలి, చొక్కా తొడగాలి. ఇంట్లో ఉండేది మేమిద్దరమే. అందుకే ఆ రోజు పొద్దున్నే, ఒక సర్వరుకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడం మొదలుపెట్టే ముందే చెప్పాను.

"నాయనా, ల్యాప్‌టాప్ జోలికి రావద్దు."

"దాంతో నాకేం పనమ్మా" అన్నాడు.

మధ్యాహ్నానికి కళ్లు మండుతున్నాయి, నడుము పట్టేసింది. సర్వరు మాత్రం నత్తనడక మానలేదు. ఇంకాస్తలో అయిపోతుందనగా ఉరిమింది. మిద్దె మీద బట్టలున్నాయి. పరుగున పోయి తెచ్చేసరికి, కనెక్షన్ పోయిందని తెర మీద ఒక్క ముక్క. గోడ దగ్గర నాయన, ఎడమ చేతిలో నెట్ డబ్బా వైరు.

ఉరిమితే వైర్లన్నీ పీకడం మా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఉంది. పిడుగుకు టీవీ కాలినప్పట్నుంచీ మా ఇంట్లో అది నాయన పని. చెయ్యి పడిపోయాక ఆయనకు మిగిలిన పని కూడా అదొక్కటే.

నాకు ఒళ్లు మండింది. "ముట్టొద్దని చెప్పినా కదా!"

"నీ ల్యాప్‌టాప్ ముట్టలేదమ్మా. ఈ డబ్బాదే పీకినా. పిడుగు పడితే నీ మిషను కాలిపోతాదని."

డబ్బా సంగతి నేను చెప్పలేదు, నిజమే. అరిచే ఓపిక కూడా లేదు. వైరు మళ్లీ పెట్టి మేనేజరుకు ఫోన్ చేశాను. సోమవారం నుంచి షిఫ్టుకు రమ్మన్నాడు.

ఈలోగా వాన అందుకుంది. నాయన గడపలో నిలబడి చాలాసేపు చూశాడు.

"పదును బాగుండాది. శెనక్కాయ ఇత్తొచ్చు" అన్నాడు. మా చేను పార్కుకు గుత్తకిచ్చి, అది ఆ సోలార్ పలకల కిందికి పోయి ఏళ్లయింది.

"సోమవారం నుంచి నేను పార్కు లోపలికి పోవాల నాయనా" అన్నాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

"లోపలికా?" అని ఆత్రంగా నా వైపు తిరిగాడు. "అయితే మన చేను యాడుండాదో చూసి రామ్మా. ఈశాన్యం మూల పెద్ద రాతిగుండు ఉండాల. తీసేసినారో ఏమో."

తనకు అన్నం ఎవరు కలిపి పెడతారని మాత్రం అడగలేదు.