నేను మాయం చేసిన మునిలక్ష్మి పెళ్లి

ఒకసారి నేను ఒక పెళ్లిని మాయం చేశాను. పెళ్లికూతురిని కాదండీ, మొత్తం పెళ్లినే. మంటపం, మేళం, పంతులు, బంతిలో రెండోసారి సాంబారు అడుగుతున్నవాళ్లు, అలిగి మూల కూర్చున్న పెళ్లికొడుకు పెదనాన్న, అందరూ ఒక శుక్రవారం నా వేలి కింద ఆవిరైపోయారు. ఆ తర్వాత వాళ్లను వెనక్కి తెచ్చేదాకా నేను పడిన పాట్లు వింటే మీకు నవ్వొస్తుంది. ఇప్పుడు నాకూ వస్తుంది. అప్పుడు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

మా దామోదరం మామకు తిరుపతి కొర్లగుంటలో ఫోటో స్టూడియో ఉంది. మామ అంటే మా అమ్మకు తమ్ముడు. నేను చిత్తూరులో కంప్యూటర్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, ఉద్యోగం వచ్చేదాకా మామ ఇంట్లో ఉంటూ స్టూడియో కంప్యూటర్‌ను చూసుకునేవాణ్ణి. చూసుకునేవాణ్ణి అన్నది నా మాట. మా అత్తను అడిగితే, దాని ముందు కూర్చుని మురుకులు తినేవాడని చెబుతుంది.

మామకు రెండు నమ్మకాలు. రాహుకాలంలో ఏ పనీ మొదలుపెట్టకూడదన్నది మొదటిది. రాహుకాలంలో ఆయన కెమెరా సంచీ జిప్పు కూడా లాగడు. యంత్రం చూపించే టైము అబద్ధం చెప్పదన్నది రెండోది. దీనికి కారణం ఉంది. మా వైపు పెళ్లిళ్లలో ముహూర్తం దాటాక తాళి కట్టించారని రెండు వర్గాలూ తగువు పడితే, పంచాయతీ చివరికి మామ దగ్గరికే వస్తుంది. మామ ఫోటో తెరిచి, అది తీసిన టైము చూపిస్తాడు. అంతటితో పంతులు బతికిపోవడమో, మొహం చాటేయడమో జరుగుతుంది. అందుకే మామ కెమెరాల్లో టైము ఎప్పుడూ తప్పదు.

ఇక అసలు సంగతికి వస్తాను. స్టూడియో కంప్యూటర్లో ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడింది. కొత్తది వేసుకోకపోతే ఇక నీ ఖర్మ అన్నట్టు తెర మీద రోజూ హెచ్చరిక వచ్చేది. నేను వేస్తానన్నాను. ఉన్నదాని మీదే కొత్తది వేసే దారి ఒకటుంది, కానీ అది చేతకానివాళ్ల పని అని నా అభిప్రాయం. మొత్తం తుడిచేసి, కడిగిన పళ్లెంలో వడ్డించినట్టు వేస్తానని మామకు చెప్పాను. మరి ఫోటోలెట్ల అని మామ అడిగాడు. అవన్నీ వెనక గదిలో భద్రంగా ఉన్నాయని అభయమిచ్చాను.

వెనక గదిలో బియ్యం డబ్బా అంత నల్ల పెట్టె ఒకటి ఉంది. ముందు గదిలోని కంప్యూటర్లో ఏ ఫోటో చేరినా, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ దానికొక నకలు తీసి, నెట్‌వర్క్ కేబుల్ గుండా ఆ పెట్టెలోకి పంపేది. ఆ పెట్టెలో ఫోటోలు ఫోటోల్లా ఉండవు. ముక్కలు చేసి తాళం వేసి ఉంటాయి. వాటిని మళ్లీ ఫోటోలు చేయడం ఆ సాఫ్ట్‌వేర్‌కు మాత్రమే తెలుసు. అది నడిచేది మామ కంప్యూటర్లో మాత్రమే, మేము కొన్నది ఒక్క కంప్యూటర్‌కే. బ్యాకప్ విజయవంతం అని రోజూ ఆకుపచ్చ అక్షరాల్లో చూపించేది కనుక, అది నిజమా కాదా అని నేను ఒక్కసారి కూడా పరీక్షించి చూడలేదు.

శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు దాకా. మామ తెల్లారకముందే శ్రీకాళహస్తిలో పెళ్లి ఉందని వెళ్లిపోయాడు. పదిన్నర లోపల మొదలుపెట్టమని, మొదలుపెట్టకముందు కర్పూరం వెలిగించమని రెండుసార్లు చెప్పి వెళ్లాడు. బోలెడంత టైముంది కదా అని నేను టిఫిన్‌కు వెళ్లాను. వేడి పొంగలి, దాని మీద నెయ్యి, పక్కన వడ. చదివేటప్పటి స్నేహితుడు కనిపించాడు. ఇంకో వడ. తిరిగి వచ్చేటప్పుడు కొండకు వెళ్లే పెద్దమనిషి ఎవరికోసమో రోడ్డు ఆపేశారు. స్టూడియో తాళం తీసేటప్పటికి పదకొండు. అప్పుడే మామ ఫోన్ చేశాడు.

"ఏరా గిరీ, మొదలుపెట్టినావా?"

"పెట్టినాను మామా."

"ఎన్నింటికి?"

"తొమ్మిదిన్నరకు."

"మంచిది. రాత్రికొచ్చి సూస్తాలే."

ఈయన నిజంగానే చూస్తాడు. సిస్టమ్ ఎప్పుడు వేశావో కంప్యూటర్లో చూపించమంటాడు. పన్నెండు దాకా ఆగి మొదలుపెట్టినా తొమ్మిదిన్నర అన్న అబద్ధం బయటపడుతుంది. అప్పుడు నా ఇంజనీరింగ్ బుర్రకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. అది పిడుగని తర్వాత తెలిసింది. కంప్యూటర్ గడియారాన్ని గంటన్నర వెనక్కి తిప్పేశాను. దానంతటది సరిచేసుకోకుండా ఆ ఏర్పాటు కూడా ఆపేశాను. కర్పూరం వెలిగించి, నడి రాహుకాలంలో, యంత్రం లెక్క ప్రకారం శుభఘడియలో, డిస్కు మొత్తం తుడిచి కొత్త సిస్టమ్ వేసి, అందులోనూ ఆ ఏర్పాటు ఆపేశాను.

పని కాగానే మా రాజేశ్వరత్త కింద ఇంట్లోంచి పైకి వచ్చి, కొత్తది కదా అని కంప్యూటర్‌కు పసుపు, చందనం, కుంకుమ పెట్టింది. వెనకటి మానిటర్లకు బెత్తెడు అంచు ఉండేది, బొట్టు దాని మీద పెట్టేవాళ్లు. ఇప్పటివాటికి అంచు ఎక్కడుంది? అత్త అద్దం మీదే నాలుగు మూలలా ధారాళంగా పెట్టింది. మళ్లీ శుక్రవారం దాకా తుడవొద్దని ఆజ్ఞ. తెర మీద టైము కనిపించేది కుడివైపు కింది మూలలో కదా, అది చందనం కింద సమాధి అయిపోయింది. రాత్రి మామ వచ్చి సిస్టమ్ వేసిన టైము చూపించమన్నాడు. చూపించాను. తృప్తిగా తలూపాడు. రేపు గడియారం సరిచేద్దాంలే అనుకున్నాను. కంటికి కనిపిస్తే కదా గుర్తుండటానికి, పూర్తిగా మరిచిపోయాను.

శనివారం మధ్యాహ్నం వడమాలపేట నుంచి మునస్వామి ఫోన్ చేశాడు. ముందు నెలలో ఆయన కూతురు మునిలక్ష్మి పెళ్లికి ఫోటోలు తీసింది మామే. అల్లుడికి కువైట్‌లో పని. పెళ్లయిన పది దినాలకే వెళ్లిపోయాడు. మునిలక్ష్మి వీసా కోసం సోమవారం పొద్దున చెన్నైకి రమ్మన్నారట. పెళ్లి ఫోటోలు ఖచ్చితంగా తేవాలన్నారట. ఆల్బమ్ ఇంకా కాలేదు కనుక, కొన్ని ఫోటోలు వేసిస్తే చాలన్నాడు. మామ ఆదివారం సాయంత్రం రమ్మన్నాడు. ఫోటోలు తియ్యరా అని నాతో అన్నాడు.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొత్త సిస్టమ్‌లో వేసి, పెట్టె చిరునామా, పాస్‌వర్డ్ ఇచ్చాను. అనుమతి నిరాకరించబడింది అని వచ్చింది. వేలు తడబడిందనుకుని మళ్లీ ఇచ్చాను. మళ్లీ అదే. కేబుల్ పీకి పెట్టాను. కేబుల్ మార్చాను. పెట్టెను ఆపి ఆన్ చేశాను. ఫైర్‌వాల్ తీసేశాను. పాస్‌వర్డ్ మార్చాను. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేశాను. ఇంటర్నెట్‌లో ఎవరెవరో ఏవేవో చెబితే అన్నీ చేశాను. పెట్టె దీపాలు హాయిగా మిణుకుమంటున్నాయి, కంప్యూటర్ హాయిగా పనిచేస్తోంది, ఇద్దరికీ మాత్రం మాటల్లేవు. తగువెందుకొచ్చిందో ఇద్దరూ చెప్పరు. మెమరీ కార్డులు చూద్దామంటే, వాటి మీద మామ ఇంకో నాలుగు పెళ్లిళ్లు తీసేశాడు.

ఆదివారం సాయంత్రం తండ్రీకూతుళ్లు వచ్చారు. మామ నిబ్బరంగా, ఫోటోలు ఎక్కడికీ పోవని, చిన్న అడ్డంకి వచ్చిందని చెప్పాడు. "మంచి గంటలో పెట్టినామప్పా, ఏమీ కాదు" అన్నాడు. ఆ మాట ఆయన అన్నప్పుడల్లా నేను కుర్చీలో ఒక బెత్తెడు కిందికి జారేవాణ్ణి.

మరి చుట్టాల ఫోన్లలో ఫోటోలు లేవా అని మీరు అడుగుతారు. నేనూ అడిగాను. మునస్వామి తన ఫోన్ ఇచ్చాడు. తలంబ్రాల దగ్గర చూస్తే నీలం చొక్కా వేసుకున్న విశాలమైన వీపు. తాళి కట్టే దగ్గర అదే వీపు. ఏడడుగుల దగ్గర అదే వీపు, కొంచెం వంగి.

"అందురి ఫోన్లోనూ ఇంతేనప్పా" అన్నాడు మునస్వామి. "ఈ ఫోటోలు సూపిస్తే నా బిడ్డకు దామోదరంతో పెండ్లయిందనుకుంటారు."

మామ తన వీపును పట్టి పట్టి చూసుకుని, చొక్కా సర్దుకున్నాడు. మునిలక్ష్మి కూడా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, ఈసారి తప్పితే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియదంది. "ఆయనతో ఉండింది పది దినాలేనన్నా. నువ్వు తీస్తావులే" అని నా వైపు చూసింది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. నన్ను తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు.

ఆదివారం రాహుకాలం నాలుగున్నర నుంచి ఆరు దాకా. అది దిగేదాకా కంప్యూటర్‌ను ముట్టుకోవద్దని మామ నన్ను కుర్చీలోంచి లేపేశాడు. ఊరికే కూర్చోవడమే ఇంకా పెద్ద శిక్ష. గోడ గడియారం ముల్లు ఆరు దాటగానే ఇప్పుడు చెయ్యమన్నాడు. చేశాను. అనుమతి నిరాకరించబడింది.

అత్తకు ఇక సహనం పోయింది. ఇదంతా దిష్టి అని తేల్చి, హారతి పళ్లెం తెచ్చింది. కొత్త బొట్లు పెట్టడానికి ఎండిపోయిన పాత బొట్లను కొంగు తడిపి ఒక్కో మూలా తుడుస్తూ వచ్చింది. కుడివైపు కింది మూల తుడిచేసరికి, పక్కనే నిలబడ్డ మునిలక్ష్మి వంగి చూసింది.

"అన్నా, దీంట్లో ఇంకా నాలుగున్నరే ఉండాదే?"

మామ కళ్లజోడు పెట్టుకుని తెర చూశాడు. గోడ గడియారం చూశాడు. మళ్లీ తెర చూశాడు.

"మనకు రాహుకాలం దిగిపోయింది" అన్నాడు మెల్లగా. "దీనికి ఇప్పుడే ఎక్కింది."

అత్త పళ్లెంలో కర్పూరం తనంతట తాను కాలుతోంది.

"గంటన్నర ఎనక ఉండాది. నువ్వు తొమ్మిదిన్నర అని సూపించినావే, దానికి గంటన్నర కలిపితే పదకొండు." ముహూర్తాల తగువులు తీర్చే మనిషి కదా, లెక్క ఆయనకు చిటికెలో వచ్చేసింది. "శుక్రవారం పదకొండుకు యాడుండావురా?"

"ఈడే మామా."

"అంతకుముందు?"

"పొంగలి దగ్గర."

అంతా చెప్పేశాను. చెబుతూ ఉండగానే నాకు వెలిగింది. ఆ నల్ల పెట్టె వచ్చినవాణ్ణి పాస్‌వర్డ్ ఒక్కటే అడగదు. వాడి గడియారం కూడా చూస్తుంది. తన టైముకూ వాడి టైముకూ మరీ తేడా ఉంటే, వీడెవడో మోసగాడని తలుపు మూసేస్తుంది. దాని అనుమానంలో వంక పెట్టడానికేముంది? గడియారం సరిచేసి, మళ్లీ నొక్కాను. పెట్టె అనుమానాలన్నీ మరిచిపోయి తలుపు తీసింది. మంటపం వచ్చింది. మేళం వచ్చింది. సాంబారు అడిగేవాళ్లు వచ్చారు. అలిగిన పెదనాన్న అలకతో సహా వచ్చాడు. తాళి కట్టే ఫోటోలో మునిలక్ష్మి తల వంచుకుని, ఎవరికీ కనపడదనుకుని నవ్వుతోంది. దాన్ని చూసి తెర ముందున్న మునిలక్ష్మి బోరుమని ఏడ్చేసింది. నేనూ కళ్లు తుడుచుకుని, చందనం పొగ అని చెప్పాను. చందనానికి పొగ ఎక్కడిదని అత్త అడిగింది.

ఫోటోలు వేసి కవర్లో పెట్టి, వాళ్లను నేనే బస్సెక్కించి వచ్చాను. మామ నాకోసం కాచుకుని కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. ఆయన గొంతు మాత్రం పెళ్లిపెద్దలా ప్రశాంతంగా ఉంది.

"అంటే రాహుకాలంలో మొదలుపెట్టినందుకే ఇదంతా జరిగింది."

"కాదు మామా, గడియారం తిప్పినందుకు జరిగింది."

"గడియారం ఎందుకు తిప్పినావు?"

"రాహుకాలంలో మొదలుపెట్టినందుకు."

"నేను సెప్పేదీ అదే కదప్పా."

నాలుగేళ్లు ఇంజనీరింగ్ చదివాను. దీనికి జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. ఇప్పటికీ వెతుకుతున్నాను.

మునిలక్ష్మికి వీసా వచ్చింది. వెళ్లిన వారానికి వీడియో కాల్ చేసింది. పక్కన పెళ్లికొడుకు, ఈసారి అడ్డంగా ఏ వీపూ లేకుండా, పూర్తిగా కనిపిస్తున్నాడు. బాగున్నావా అని అడిగాను.

"బాగుండాను గానీ అన్నా," అంది మునిలక్ష్మి, "ఈడ గడియారాలన్నీ మనూరికంటే రెండున్నర గంటలు ఎనక ఉండాయి. నువ్వు నాకంటే ముందే ఈడికొచ్చి పోయినావా ఏంది?"

వెనకనుంచి మామ నవ్వు గోడలు అదిరేలా వినిపించింది. కాబట్టి మహాజనులారా, ఆ నల్ల పెట్టె మీద కుడిచెయ్యి వేసి, అత్త పెట్టిన చందనం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా ప్రాణం ఉండగా ఏ గడియారాన్నీ వెనక్కి తిప్పను. తిరిగి తెచ్చి చూసుకోనిదే ఏ బ్యాకప్‌నూ నమ్మను. ఎప్పుడైనా రాహుకాలంలో పని మొదలుపెట్టక తప్పకపోతే, మామకు అబద్ధం చెప్పను. ఫోన్ ఆపేసుకుంటాను.