పందెం కోడికి పెట్టిన గుడ్లు

పన్నెండేళ్ళు ఈ మాట గొంతులో పెట్టుకుని తిరిగాను. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మొత్తం మీతో చెప్పగలుగుతున్నాను.

మా పాపకు అప్పుడు ఏడాదిన్నర. మా ఆవిడ పొద్దున్నే మిరపకోతలకు పోయేది. అంగన్‌వాడీలో పాపకిచ్చే గుడ్లు తెచ్చేది నేనే. రోజుకో గుడ్డు ఉడకబెట్టి, మెత్తగా చిదిమి పెట్టాలని, ఎదిగే ఒంటికి అదే బలమని టీచరమ్మ ఓపిగ్గా చెప్పేది. అంతా అర్థమైంది. అర్థమైంది కాబట్టే ఆ గుడ్లు నా పందెం కోడికి పెట్టాను.

తెలియక చేశానని ఒక్కసారైనా అనుకోగలిగితే బాగుండును.

ఒకరోజు మా ఆవిడ నిలదీసింది.

"ఏందయ్యా, గుడ్లన్నీ ఆ కోడికే మేపుతున్నావు? పిల్లకేయీ?"

"మూడేళ్ళు నిండందే పిల్లలకి అరగదంట. ఇచ్చేది మాత్రం అందరికీ ఒకటే లెక్కన ఇస్తారు. టీచరమ్మే చెప్పింది."

"మరి నీ కోడికి అరుగుద్దేంది?"

"కోడికి రాళ్ళే అరుగుతయ్యే!"

నవ్వింది. నమ్మింది. ఇంటర్ చదివిన మొగుడు చెప్పాడు కదా.

పాప ఏడిస్తే టీలో బిస్కెట్టు ముంచి నోట్లో పెట్టేవాణ్ణి. బరువు తూచినప్పుడల్లా టీచరమ్మ ముఖం ముడుచుకుని, గుడ్డు పెడుతున్నారా అని అడిగేది. తల ఊపేవాణ్ణి. తల్లి పాలల్లోనే సారం లేదని మా అమ్మ దెప్పేది. మా ఆవిడ అది నిజమనుకుని కుమిలిపోయింది. కోటప్పకొండ ఎక్కి మొక్కుకుంది. పాపను ఎత్తుకుని నేనూ ఆ మెట్లన్నీ ఎక్కాను. భుజం మీద పిల్ల ఉన్నట్టే లేదు. అప్పుడైనా నోరెందుకు పెగల్లేదు? ఏం మనిషిని నేను?

కోడి రెండో దెబ్బకే బరిలో పడిపోయింది. గెలిచినవాడు దాన్ని కాళ్ళు పట్టుకుని మోసుకుపోయాడు. నేను ఏడ్చాను. కోడి కోసం.

పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. క్లాసులో అందరికన్నా పొట్టి. దానికి ఆ గుడ్లే కారణమా? తెలియదు. ఆ 'తెలియదు' చాటున దాక్కోవడం కూడా రోతే.

పోయినవారం పక్కింటి కోడలు చంటిదానికి గుడ్డు తినిపించబోతుంటే, మా ఆవిడ గాభరాగా చెయ్యి పట్టుకుంది. "పెట్టమాకమ్మాయ్, మూడేళ్ళు నిండందే అరగదు" అంది. ఇన్నేళ్ళలో ఇంకెంతమందికి చెప్పిందో!

"పెట్టమ్మా. అది నేను పుట్టించిన అబద్ధం. కోడి కోసం" అన్నాను.

ఆ అమ్మాయి వెళ్ళిపోయాక మా ఆవిడ ఒక్కటే అడిగింది.

"అయితే, నా పాలు మంచియేనా?"

మంచివేనన్నాను.

ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఈ రోజుకీ మాట్లాడలేదు. మాట్లాడమని అడిగే ముఖం నాకు లేదు. కానీ చెప్పేశాను. గొంతులో ఇప్పుడేమీ అడ్డం లేదు.