బాపమ్మ చూడాలనుకున్న పడవ

మా ముత్తాతగారిని ఏనుగుదొర అనేవారు. ఏనుగు మీద కూర్చుని దర్బారు ద్వారం దాకా వెళ్లే హక్కు ఆయనకుండేది. మా తాతగారు పల్లకీదొర. (ఏనుగు ఏమైందని అడగకండి. ఏనుగు చాలా తింటుంది.) మా నాన్నగారి కాలానికి గూడు కట్టి పరదాలు వేసిన రెండెడ్ల బండి మిగిలింది, దాన్ని మా వైపు కచ్చడం అంటారు. నేను సిటీ బస్సులో నిలబడి ప్రయాణం చేస్తాను, కానీ నిటారుగా నిలబడతాను. నా చిన్నతనంలో మేముండే అమీర్‌పేట పల్లె కాదు, పట్నమూ కాదు. మధ్యాహ్నమైతే తోటల మీద ఎండ పరుచుకుని, ఎక్కడో బావి గిలక కిర్రుమంటూ, ఊరంతా ఒక పెద్ద కునుకులో ఉన్నట్టుండేది. ఆ కునుకులోనే మా ఇంటి వెనక వసారాలో బాపమ్మకు (అంటే నాన్నగారి తల్లికి) నేను నవల చదివి వినిపించేవాణ్ని. ఆమెకు చదవడం వచ్చు. చదివి పెట్టడానికి మనిషి ఉండగా తానే చదువుకోవడం మా ఇంటి మర్యాద కాదు, అంతే.

ఆ నవల పేరు చెప్పను. దాన్ని సినిమా తీసినవాళ్ల పిల్లలు ఎక్కడో ఉండే ఉంటారు, వాళ్లను బాధపెట్టడం నాకిష్టం లేదు. అందులో కోటలాంటి ఇంట్లో పుట్టిన ఒక పిల్ల ఉంటుంది. ఒక రోజు పెద్దలెవరూ లేవకముందే దొడ్డితలుపు తీసుకుని ఏటిగట్టుకు పోతుంది. కట్టేసిన పడవ విప్పి, తానే తెడ్డు వేసుకుంటూ అవతలి ఒడ్డుకు వెళుతుంది. అక్కడ ఆమె కోసం ఎవరూ ఎదురుచూస్తూ ఉండరు. తడి ఇసుక మీద కాసేపు కూర్చుని తిరిగి వచ్చేస్తుంది. అంతే కథ ఆ పుటలో. బాపమ్మ మాత్రం ఆ ఒక్క పుటనే మళ్లీ మళ్లీ చదివించుకునేది. గోషా ఇంటి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆమె గడప దాటింది పరదాల బండిలోనే. "పడవ కదిలిన సప్పుడేదిరా?" అని అడిగితే ఆ చప్పుడు నేను నోటితో చేయవలసి వచ్చేది. పల్లకీదొర మనవడు నీళ్ల చప్పుడు చేస్తూ కూర్చునేవాడన్నమాట.

నాకు పదహారేళ్లు వచ్చిన ఏడు ఆ నవల టాకీగా వచ్చిందన్నారు. నేనే రాసినంత గర్వంగా వెళ్లి బాపమ్మకు చెప్పాను. ఆమె చేతిలోని వక్కాకు అలాగే ఉండిపోయింది. "గా పిల్ల ఒక్కతే పడవల పోయేది కండ్లార చూస్తనారా?" అంది. ఎవరినీ ఏదీ అడగని మనిషి. నాన్నగారు మీసం దువ్వుకుంటూ చాలాసేపు ఆలోచించి చివరికి కొన్ని షరతుల మీద ఒప్పుకున్నారు. తెల్లవారకముందే బయలుదేరాలి, పొద్దుటి ఆటే చూడాలి, ఆడవాళ్ల జనానా పరదా వెనకే కూర్చోవాలి, ఒక్క మాట పడినా ఇక జన్మలో టాకీసు ఊసెత్తకూడదు. బాపమ్మ అన్నిటికీ తలూపింది. "పుస్తకంలో ఉన్నట్టే ఉంటది గదా?" అని నన్నడిగింది. "ఒక్క అక్షరం పోదు బాపమ్మా" అన్నాను. (నేనింకా చూడలేదు. భక్తుడికి చూడవలసిన అవసరమేముంది?) "తెర మీద నీడలాడితే అది బొమ్మలాటనే గదా?" అంది. వివరించే ఓపిక లేక, "అంతే" అన్నాను.

ఆ "అంతే" అన్న మాట ఎంత దూరం పోతుందో నాకు తెలియలేదు. మా గుమ్మంలో తోలుబొమ్మలాట ఆడిన రోజుల్లో కథ ఎటు నడవాలో మా పెద్దల ఇష్టం. ఒకసారి యుద్ధంలో చావవలసిన కుర్రవీరుడొకడు తాతగారి మాట మీద క్షేమంగా ఇంటికొచ్చి, స్నానం చేసి, భోంచేసి పడుకున్నాడు. బొమ్మలాడించేవాడికి శాలువా కప్పారు. పురాణం చెప్పే అయ్యగారు మాత్రం కొన్నాళ్లు మా వీధిలోంచి నడవడం మానేశారు.

సుల్తాన్ బజారు వైపున్న టాకీసుకు మేం చేరేసరికి ఎండెక్కింది. బాపమ్మా, తోడు వచ్చిన మా మేనత్తా, రెండు వైపులా అడ్డు పట్టిన దుప్పట్ల మధ్య నుంచి పైనున్న జనానా మెట్లెక్కారు. నేను కింద కుర్చీలో కూర్చున్నాను. దీపాలారాయి. బీడీ పొగలోంచి వెలుగు ఒక పొడవాటి తెల్లని దారిలా తెర దాకా సాగింది. ఆ దారి వెంబడి నేనూ వెళ్లిపోయాను. కోట కనిపించింది. దొడ్డితలుపు కనిపించింది. ఏరు కనిపించింది. నేను కుర్చీ అంచుకు జరిగాను. అప్పుడు చెట్టు చాటు నుంచి బుగ్గలకు పౌడరు అద్దుకున్న కథానాయకుడు పడవలోకి దూకి తెడ్డు అందుకున్నాడు. పిల్ల ఆ చివర కూర్చుని పాట ఎత్తుకుంది. నవలలో అలాంటివాడు ఆ ఏటి దగ్గరికే రాడు!

నేను నోరు తెరిచేలోగా పై నుంచి ఒక గొంతు హాలంతా మోగింది. "అరే, దిగురా పడవల నుంచి!"

మా ఇంట్లో ముందు వసారా దాకా కూడా ఎన్నడూ వినిపించని బాపమ్మ గొంతు అది. నేల క్లాసు విరగబడి నవ్వింది. "మస్తు చెప్పినవమ్మా! దిగరా భాయ్, దిగు!" అని ఎవడో అరిచాడు. నేను వెన్ను నిటారుగా పెట్టుకుని, నాకేమీ సంబంధం లేనట్టు తెర వైపే చూస్తూ కూర్చున్నాను. చెవులు మాత్రం కాలిపోతున్నాయి.

ఆట అయిపోయింది, జనం వెళ్లిపోయారు, వీళ్లు దిగలేదు. మెట్ల పరదా వెనక నుంచి మేనత్త పిలిచింది. "నీ నవల సంబురం సల్లగుండ! మీ బాపమ్మ లేవనంటుంది." ఆ వెనకే బాపమ్మ చేయి ఒక శాలువా పట్టుకుని బయటికొచ్చింది. ఇంటి నుంచే తెచ్చిందట. "బొమ్మలాడించెటోడు మీది గదిల ఉన్నడట గదా. గిది కప్పి చెప్పు, మంచిగనే ఆడించిండు గని గా మొగోడు వద్దు. పిల్లను ఒక్కదాన్నే పోనియ్యుమను."

సినిమా అంటే ఏమిటో ఆ మెట్ల మీద నిలబడి వివరించవలసింది. కానీ మా ఇంటి పెద్దవాళ్ల కబురు మోసేవాడు దానికి వ్యాఖ్యానం చేయడు. మిషన్ గదిలో ఆపరేటర్ చెమటతో తడిసిన బనీనుతో చాయ్ తాగుతున్నాడు. శాలువా చాపి, కబురు అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. అతను శాలువానూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"నేనెట్ల దించాలె దొరా వాణ్ని? తెరల చెయ్యి పెట్టి కాలర్ పట్టి గుంజాల్నా?"

"మా బాపమ్మగారి మాట చెప్పాను. ఆపైన మీ ఇష్టం" అన్నాను బిగుసుకుని.

అతను నవ్వలేదు. "ఇన్నేండ్ల సంది మిషన్ తిప్పుతున్న. సీటీలు కొట్టిండ్రు, తిట్టిండ్రు, శాలువ ఎవ్వలు కప్పలే" అని చేతులు తుడుచుకుని, దాన్ని బనీను మీదే కప్పుకున్నాడు. "మ్యాట్నీకి ఇంక టైమున్నది. పడవ రీలు మల్ల ఏస్త. జర దిల్ పెట్టి చూడుమను. వాడు దిగితే మంచిదే."

ఖాళీ హాల్లో, మా ముగ్గురి కోసం ఏరు మళ్లీ ప్రవహించింది. జనానాలో బాపమ్మ పరదా పూర్తిగా పక్కకు తోసి, కటకటాలు పట్టుకుని ముందుకు వంగింది. "గీసారన్న దిగుతడేమో" అంది మెల్లగా. నవ్వు రావలసింది పోయి నేను కూడా ఊపిరి బిగబట్టాను. చెట్టు చాటు కదిలింది. వాడు దూకాడు. "మొండోడు" అని నిట్టూర్చి లేచింది.

తిరుగు దారి పట్టాం. ఖైరతాబాదు దాటాక పంజాగుట్ట ఎక్కుడు మొదలైంది. అప్పుడది పేరుకు తగ్గట్టు నిజంగా గుట్టే. ఆ వాలులో మాకు సీతాఫలం చెట్లున్న కొంత నేల ఉండేది. అక్కడ బాపమ్మ బండి ఆపించింది. ఎడ్లకు నీళ్లు తాపమని బండి తోలేవాణ్ని దూరంగా పంపింది. పరదా తొలగించి కిందికి దిగింది. నేను చేయి అందించబోతే వద్దంది. "మీరిద్దరు ఈడనే ఉండుండ్రి" అని చెట్ల మధ్యగా ఒక్కతే నడిచి వెళ్లింది. సాయంకాలపు పచ్చని ఎండలో ఆమె తెల్లచీర ఆకుల మధ్య కాసేపు కనిపిస్తూ, కాసేపు మాయమవుతూ, చివరికి అవతలి గట్టు మీద ఆగింది. అక్కడ చాలాసేపు కూర్చుంది. తిరిగొచ్చేసరికి చీర అంచునిండా పల్లేరుకాయలు.

"ఏమున్నదమ్మా ఆడ?" అంది మేనత్త.

"ఏం లేదు" అంది బాపమ్మ. అంత తృప్తిగా ఆ రెండు మాటలు అన్నవాళ్లను నేను మళ్లీ చూడలేదు.

సినిమా తీసినవాళ్లకు ఏకిపారేస్తూ ఉత్తరం రాయాలని దారంతా వాక్యాలు కూర్చుకున్నాను. వంశగౌరవం, సాహిత్యగౌరవం, రెండూ అందులో దట్టించాను. రాయలేదు. ఇప్పుడు హాలు బయట కుర్రవాళ్లు "బుక్కులో ఇట్ల లేదు భాయ్!" అని కొట్లాడుకుంటుంటే దగ్గరగా నిలబడి వింటాను. వాళ్ల కోపం చూస్తే ముచ్చటేస్తుంది. ఈ ముసలాయన ఎందుకు నవ్వుతున్నాడోనని వాళ్లు నన్ను చూస్తారు.

బాపమ్మ పోయిన మరుసటి ఏడు పంజాగుట్టలోని ఆ నేలను, చెట్లతో, గట్టుతో సహా అమ్మేశాం.