మూడోసారి అనకముందే ఆపాడు

సహోదరులారా, సహోదరీమణులారా, మన ప్రభువు నామంలో వందనాలు. ఫోను మోగితే చాలు దాన్ని బోర్లించి పక్కకు నెట్టే రోజులు నేను చూశాను. జ్వరం కాదు, బీపీ కాదు, డాక్టరు గారు చూసి నీకేమీ లేదయ్యా అన్నారు, కానీ అన్నం ముద్ద గొంతు దిగేది కాదు, షాపు ముందు మోటారు సైకిలు ఆగితే వచ్చినవాడు జిరాక్సు కోసం వచ్చాడా నా కోసం వచ్చాడా అని పని ఆపి చూసేవాణ్ణి, వాక్యం చదువుదామని కూర్చుంటే అక్షరాలు కనిపించేవి గానీ మాట లోపలికి పోయేది కాదు. ఆ రోగం పేరు భయం. దాన్ని నేనే వెల పెట్టి కొనుక్కున్నాను, అందులోంచి దేవుడు నన్ను ఎలా బయటికి లాగాడో చెబుదామనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నా పేరు జాన్‌బాబు. నల్లపాడు స్టేషను రోడ్డులో చిన్న ఆన్‌లైన్ సెంటరు నాది. ఆదివారం మాత్రం ఆరాధనకు మా ఊరికే వెళ్తాను, అది అక్కడికి ఆరు కిలోమీటర్లు. నోరున్నవాణ్ణని మా సంఘంలో నాకు పేరు. కోత పండుగనాడు విశ్వాసులు తెచ్చిన గుమ్మడికాయలూ కోళ్ళూ మిరపకాయల బుట్టలూ మందిరం ముందు పెట్టి వేలం వేసేది నేనే. ఒకటోసారి, రెండోసారి అని సాగదీసి, మూడోసారి అనబోయి ఆగి, ఇంకొకళ్ళ చేత పాట పెంచించడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

ఆ విద్యే నన్ను ముంచింది. కంపెనీలు ఇంటర్నెట్‌లో తమ పేరు మీద ఒక చిరునామా తీసుకుంటాయి, దాన్ని డొమైన్ అంటారు. ఏటా రుసుము కట్టి దాన్ని నిలబెట్టుకోవాలి. కట్టకపోతే, కౌలు గడువు తీరిన పొలం లాగా, ఎవరైనా వచ్చి తీసుకోవచ్చు. అలా గడువు తీరిన పేర్లకు రోజూ వేలం జరుగుతుందని నాకు తెలిసింది. చవగ్గా కొని, కావలసినవాడికి ఎక్కువకు అమ్మడమే! రెండు మూడు పేర్లు అమ్ముడుపోయాయి. ఇక చూసుకోండి, మందిరంలో పాట పాడుతున్నా ఆ జాబితానే, ప్రార్థనలో తల వంచినా ఆ జాబితానే, పాటల పుస్తకం కింద ఫోను పెట్టుకుని చూసేవాణ్ణి. తప్పేముంది, దొంగతనం కాదుగా అనుకునేవాణ్ణి.

ఒకరోజు ఆ జాబితాలో ఒక విత్తనాల కంపెనీ పేరు కనిపించింది. ఆ పేరు ఇక్కడ రాయను. రాస్తే మళ్ళీ దానికి వెల పుడుతుంది. అది మా వైపు మిరప రైతులు కళ్ళు మూసుకుని నమ్మిన కంపెనీ, యజమాని చనిపోయాక మూతపడింది. నాకు ఆ పేరు ఎలా తెలుసంటే, మా అక్క కరుణమ్మ బైబిల్లో గుర్తు కోసం పెట్టుకునేది ఆ కంపెనీ ఖాళీ విత్తనాల ప్యాకెట్టే. పచ్చటి అక్షరాలు. రెండెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేసిన మొదటి ఏడు ఆ విత్తనమే ఆమెను నిలబెట్టింది, ఆ పంటతోనే నన్ను చదివించింది. ఇంగ్లీషు చదవడం రాకపోయినా ఆ అక్షరాల ఆకారం ఆమె ఎక్కడున్నా గుర్తుపడుతుంది. ఆ ప్యాకెట్టు తలుచుకునే నేను ఆ పేరు కొన్నాను సహోదరులారా. అక్క నమ్మకాన్ని చూసి దానికి గిరాకీ ఉంటుందని లెక్క వేశాను!

గిరాకీ వచ్చింది. ఒకాయన ఫోను చేశాడు, ఎంతో మర్యాదగా మాట్లాడాడు. పాత కంపెనీ వాళ్ళు మీకు తెలుసా అండీ అని అడిగితే తెలియదన్నాడు. మరి విత్తనం ఎక్కడిదండీ అన్నాను. నవ్వాడు.

"గింజ ఏదైనా మిరప మిరపేనండి. రైతు చూసేది పేరే కదా."

నాకు అప్పుడే అర్థమైంది. అర్థం కాలేదని మీ ముందు అబద్ధమాడను. కత్తి అమ్మినవాడిదా తప్పు అని నాకు నేనే సర్దిచెప్పుకుని సరేనన్నాను, బయానా పుచ్చుకున్నాను. పేరు పూర్తిగా చేతికి రాకముందే పేజీ పెట్టుకుంటామంటే దానికీ ఒప్పుకుని, ఆ చిరునామా కొట్టినవాళ్ళు తిన్నగా వాళ్ళ పేజీకి వెళ్ళేట్టు మార్చి ఇచ్చాను. ఇక పేరును శాశ్వతంగా వాళ్ళకు బదిలీ చేసే రహస్య కోడు పంపడమే మిగిలింది, అది సోమవారం పంపుతానన్నాను. నా వేలం భాషలో చెప్పాలంటే మాట ఇవ్వడం ఒకటోసారి, పేజీ ఇవ్వడం రెండోసారి, కోడు పంపితే మూడోసారి.

మర్నాటికల్లా ఆ పేజీలో పాత ప్యాకెట్టు బొమ్మ, కింద బుకింగ్ నంబరు వచ్చేశాయి. పచ్చటి అక్షరాలు అచ్చం అవే. అది చూసిన క్షణం నుంచి నేను మొదట చెప్పిన ఆ రోగం పట్టుకుంది. మా ఆవిడ ఏమైందండీ అని అడిగితే ఎండ దెబ్బ అన్నాను.

ఆదివారం వచ్చింది. సాక్ష్యాల సమయంలో ఎవరైనా ఉన్నారా అని పాస్టరు గారు అడగ్గానే, ఆడవాళ్ళ వైపు నుంచి మా అక్క లేచింది. చేతిలో ఆ ప్యాకెట్టు ఉంది.

"నిరుడు విత్తనంలో మోసపోయి ఎంత ఏడ్చానో మీ అందరికీ తెలుసు. మంచి విత్తనం ఇప్పించు దేవా అని సంవత్సరం నుంచి అడుగుతున్నా. మన పాత కంపెనీని దేవుడు మళ్ళీ తెచ్చాడమ్మా. సుజాత వాళ్ళ పాప ఫోనులో చూపిచ్చింది, అక్షరాలు అచ్చం అయ్యే. పదకొండు మందిమి కలిసి రేపు బుక్ చేసుకుంటన్నాం. దేవునికే స్తోత్రం."

సంఘమంతా ఆమేన్ అంది. అలవాటున నా నోరు కూడా ఆమేన్ అంది! నా అక్క ప్రార్థనకు జవాబుగా నేను నకిలీ విత్తనం తెచ్చి, దానికి ఆమేన్ కూడా నేనే చెప్పాను. తరవాత పాస్టరు గారు ఏం బోధించారో నాకు తెలియదు, ప్రతి మాటకూ గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు తడుముకుంటూ కూర్చున్నాను. జేబులో ఫోను రెండుసార్లు అదిరింది. కోడు ఈరోజే పంపితే బాగుంటుందని ఆ కొనేవాడి మెసేజి.

కానుకల పాట మొదలవగానే బయటికి వచ్చి మందిరం వెనక సిమెంటు మెట్టు మీద కూలబడ్డాను. ఆ ప్రార్థన నాకు ఈరోజుకీ పొల్లుపోకుండా గుర్తుంది.

"ప్రభువా, నాకు భయంగా ఉంది. వాడికి నా షాపు తెలుసు, నా ఇల్లు తెలుసు. అక్కకు చెబితే ఆమె మొహం చూడలేను. చెప్పకపోతే నీ మొహం చూడలేను. నాకు ధైర్యం లేదు, ఉన్నట్టు నటించలేను. నా చెయ్యి పట్టుకుని నువ్వే చేయించు."

ఆకాశం నుంచి స్వరమేమీ రాలేదు సహోదరులారా, భయం కూడా పోలేదు, వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి. కానీ ఆ వణికే వేళ్ళే ఫోను తెరిచాయి, చిరునామాను ఆ పేజీ నుంచి తప్పించాయి, పేరు అమ్మను, బయానా తిరిగి ఇస్తాను అని కొనేవాడికి రాశాయి. పాట నాలుగో చరణం అయ్యేలోపు ఇదంతా అయిపోయింది. అది నా బలం కాదు, దేవునికే మహిమ!

ఆరాధన అయ్యాక గేటు దగ్గర అక్క, ఆమెతో ఉన్న ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. అక్కడే చెప్పాను, రేపు డబ్బు కట్టొద్దని, ఆ కంపెనీ రాలేదని, వచ్చినట్టు కనిపించేలా చేసింది నేనేనని. వేలంలో ఎంత దూరానికైనా వినిపించే నా గొంతు పక్కనున్నవాళ్ళకు కూడా సరిగ్గా వినపడలేదు, రెండోసారి చెప్పాల్సి వచ్చింది. అక్క తిట్టలేదు. ప్యాకెట్టును రెండు మడతలు పెట్టి నా చొక్కా జేబులో పెట్టింది.

"ఇది నువ్వే ఉంచుకోరా. నాకింక దీన్ని చూడబుద్ధి కాదు."

ఆమె వెళ్ళిపోయింది. ఆ వేసవి, ఆ వాన కాలం, ఆ చలి కాలం నాతో మాట్లాడలేదు.

మంగళవారం ఆ కొనేవాడి మనిషి షాపుకు వచ్చాడు. హెల్మెట్టు తియ్యలేదు. బయానా తీసుకున్నాడు, ఊళ్ళ వెంట తిరిగేవాడివి, చూసుకుని తిరుగు అన్నాడు, అంతే. ఆ ఒక్క మాట నన్ను రెండు నెలలు తిన్నది. బండి ఆగినప్పుడల్లా ఉలిక్కిపడేవాణ్ణి, ఉలిక్కిపడ్డప్పుడల్లా ప్రభువా అనేవాణ్ణి. అలా రోజుకు ఎన్నిసార్లు అన్నానో! ఒకరోజు సాయంత్రం ఎవరో బండి ఆపి ఫొటోలు కావాలంటే తీసి ఇచ్చి పంపేశాక, ఈసారి ఉలిక్కిపడలేదే అని తట్టింది. అన్నం దిగుతోంది, జాబితా చూసి చాలా రోజులైంది, మిగతా పేర్లన్నీ వదిలేశాను. ఆ ఒక్క పేరునే వదల్లేదు, వదిలితే ఇంకొకడు తీసుకుంటాడు కదా, అందుకని ఏటా గడువు తీరకముందే రుసుము కడుతున్నాను. ఇప్పుడు ఆ చిరునామా కొడితే తెలుగులో మూడు ముక్కలే కనిపిస్తాయి. ఈ కంపెనీ మూతపడింది. ఈ పేరుతో విత్తనాలు అమ్మితే కొనకండి. ఎక్కడ కొన్నా బిల్లు అడిగి తీసుకోండి.

మిరప కోతలు వచ్చాయి, కోత పండుగ వచ్చింది. ఈసారి వేలం నేను వెయ్యనండీ, నాకు అర్హత లేదు అని పాస్టరు గారితో అన్నాను. ఆయన వినలేదు. గుమ్మడికాయలు అయ్యాయి, కోళ్ళు అయ్యాయి, అప్పుడు మా అక్క ఎర్రగా నిగనిగలాడే మిరపకాయల బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది. నేను తల దించుకునే, ఒకటోసారి అనబోయాను.

"ఆగరా తమ్ముడూ," అంది అక్క, అందరికీ వినపడేటట్టు. "ఇది ఏ విత్తనమో ముందు నన్నడుగు. చెప్పి మరీ అమ్ము."

అడిగాను. చెప్పింది. ఆ మాటే సంఘానికి గట్టిగా వినిపించాను, నా గొంతు నాకు తిరిగి వచ్చింది! ఆ బుట్టకు పాట సాగదియ్యలేదు, మొదట పాడినవాళ్ళకే మూడోసారి అనేశాను. మధ్యాహ్నం అక్క ఇంట్లో, అక్క చేత్తో వడ్డించిన అన్నం తిన్నాను.

ఇది చదువుతున్న ప్రియులారా, మీ చేతిలో కూడా ఎవరి నమ్మకమో అమ్మకానికి సిద్ధంగా ఉండవచ్చు, ఒకటోసారి అయిపోయి ఉండవచ్చు, రెండోసారి కూడా అయిపోయి ఉండవచ్చు. ధైర్యం వచ్చాక దేవుని దగ్గరికి వెళ్దామని ఆగకండి, వణుకుతూనే వెళ్ళండి, వణికే చేతిని పట్టుకోవడం ఆయనకు తెలుసు. ఆ ఖాళీ ప్యాకెట్టు ఇప్పుడు నా బైబిల్లో ఉంది, మడతలు ఇంకా పోలేదు. అది తీసి పక్కన పెట్టే రోజూ వాక్యం చదువుకుంటున్నాను. నన్ను మూడోసారి అననివ్వకుండా ఆపిన నా దేవునికి స్తోత్రం, ఆయన నామానికే మహిమ. ఆమేన్. ఈసారి తెలిసే అంటున్నాను.