బావ భుజానికి రెండు ఫొటోలు

మా బావ గోడల మీద అక్షరాలు రాసేవాడు. నిచ్చెనెక్కి, తలపైకి చెయ్యెత్తి, మనిషంత ‘అ’ రాసి దిగేవాడు. యాభై రెండో ఏట ఆ చెయ్యి భుజం దాటి లేవనంది.

"ఇక నీ ఎత్తు గోడలే రాసుకోవాలి, పొట్టి బామ్మర్దీ," అని నవ్వాడు. ఆ వారమంతా నిచ్చెన వైపు మాత్రం చూడలేదు.

ఎక్స్‌రే తీసి ఎముక బాగుందన్నారు. నొప్పి తగ్గలేదు. నెల తర్వాత పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పాత ఫిల్మ్ అడిగాడు. బావ సంచిలోంచి తీసి లైటు పలక మీద పెట్టాడు. భుజం ఎముక మీదుగా అక్షరాలు ధగధగా వెలిగాయి: ‘ఇచ్చట మూత్రం పోయరాదు.’

పాత ఎక్స్‌రేలను కోసి అక్షరాల అచ్చులు చేసుకోవడం ఆ పనిలో మామూలే. సొంత భుజాన్ని కోసినవాడు మా బావే.

"ఇదేంటయ్యా?"

"ఎముక బాగుందన్నారు కదా సార్. బాగున్నదాన్ని దాచుకుని ఏం చేసుకుంటాం?"

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎక్స్‌రేలో ఎముకే కనబడుతుంది. చెయ్యిని పైకి లాగే తాడు తెగిందేమో ఎమ్మారైలో చూడాలి. తెగితే ఆపరేషన్. ఆర్నెల్లు నిచ్చెన ఎక్కకూడదు."

బావ మొహం పాలిపోయింది. "గొట్టంలో కదలకుండా పడుకోవాలట కదా? నాకు చెయ్యెత్తితేనే నొప్పి. దొంగ లేనప్పుడు ఇల్లంతా సోదా చేస్తారా సార్?"

"సరే, ముందు అల్ట్రాసౌండ్ చేద్దాం. అందులో చెయ్యెత్తించి చూడొచ్చు. అక్కడ తేలకపోతే గొట్టం తప్పదు."

"అది కడుపుతో ఉన్నవాళ్లకి కదా!" అన్నాడు బావ, నా వైపు తిరిగి. "మీ అక్కకి చెప్పకురా."

జిగురు పూసి, స్కాన్ చేసే డాక్టరమ్మ ఎత్తమంది. ఎత్తాడు. "అబ్బా!" అని అరిచాడు.

"ఇదిగో, ఇక్కడ. కొంచెం చిరిగింది, తెగలేదు. ఆపరేషన్ అక్కర్లేదేమో."

"కొంచెం చిరిగితే కుట్టక్కర్లేదు. నా చొక్కాలకి మా ఆవిడదీ అదే మాట."

పెద్ద డాక్టరూ ఆపరేషన్ వద్దన్నాడు. వేళ్లతో గోడ మీద పాకుతూ చెయ్యిని రోజూ కాస్త పైకి తీసుకెళ్లమన్నాడు. గోడ దొరికితే బావ ఊరుకుంటాడా? అందిన చోటల్లా కుంచెతో ఎర్ర గీత పెట్టాడు. నాలుగు నెలలకు గీతలు గుమ్మం ఎత్తు దాటాయి. మర్నాడు నిచ్చెన భుజానేసుకుని వెళ్లిపోయాడు.

పోయినేడు బావ గుండె ఆగింది. దానికి ఒక్క ఫొటో తీసే వ్యవధి కూడా ఇవ్వలేదు. అక్క ఇంటికంతా రంగులు వేయించింది, ఆ గోడ వదిలేసి. మొన్న స్టూలెక్కి చివరి గీత చూశాను. పక్కన చిన్న అక్షరాలు:

‘బామ్మర్దికి అందదు.’